లోపలివైపు చార

బకెట్టులో సబ్బు ఎక్కువైందని నురగ చూడగానే తెలిసిపోయింది. లోపలమ్మ సగం నీళ్ళు కాలవలోకి ఒంపేసి, బకెట్టును మళ్ళీ కుళాయి కింద పెట్టింది. మిగతా కాలాల్లో అయితే చిటికెడు అటూ ఇటూ అయినా అద్దం సర్దుకుపోతుంది. ఎండలు మండే రోజుల్లో మాత్రం ఆ చిటికెడే కొంప ముంచుతుంది. కాలిన అద్దం మీద నీళ్ళు పొడిగుడ్డ వచ్చేదాకా ఆగవు. అవి ఆవిరైపోతాయి, సబ్బు మిగిలిపోతుంది. ఆరిపోయిన సబ్బు ఎంత రుద్దినా ఈ పక్కనుంచి ఆ పక్కకు జరుగుతుందే తప్ప పోదు. చారలు చారలుగా అక్కడే ఉండి, వచ్చేపోయే వాళ్ళందరికీ చాడీలు చెబుతుంది.

"బకెట్టుకి స్నానం చేయిస్తున్నావా ఏంటి?" అన్నాడు బయటయ్య, గోడకి వీపు ఆనించి. అంత చిన్న మాటకి కూడా మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"సబ్బు కలిపింది ఎవరో? దుప్పట్లు ఉతుకుతున్నాననుకున్నావా?"

"ఎండలు కదా, కాస్త ఎక్కువే ఉండాలని..."

ఆమె తలెత్తి చూసింది. ఎండల్లో సబ్బు తగ్గించాలని ఆమెకు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయనే తిరగేసి చెబుతున్నాడు. ఆమె కుళాయి కట్టేసింది.

వాళ్ళకు అసలు పేర్లు ఉండేవి. కాని మిల్లు కాంటీనులో అందరూ లోపలమ్మ, బయటయ్య అని పిలిచి పిలిచి, ఆ పేర్లే ఇంటిదాకా వచ్చేశాయి. వీధిలో కూరగాయల బండివాడు కూడా "లోపలమ్మా, వంకాయలు లేతగా ఉన్నాయి" అని కేకేస్తాడు.

ఆ నూలుమిల్లు కాంటీను హాలు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. తూర్పున ఒక వరస కిటికీలు, పడమట ఒక వరస. తెరవడానికి వీల్లేకుండా బిగించేసిన నిలువెత్తు అద్దాలు. లోపల ఒక మనిషి, బయట ఒక మనిషి ఉంటేగాని శుభ్రం కావు. ఆమె పెళ్ళి కాకముందే లోపలి పనికి చేరింది. ఆయన అప్పట్లో గోదాములో దూది బేళ్ళు మోసేవాడు. బయట తుడిచే మనిషి మానేస్తే, ఈ అబ్బాయి పొడుగ్గా ఉన్నాడు, నిచ్చెన అక్కర్లేదని ఆయన్ని పెట్టారు.

మొదట్లో రోజూ గొడవే. అద్దం మీద ఒక చార మిగిలితే అది నీ వైపుదంటే నీ వైపుదని, ఒకరి మాట ఒకరికి వినబడకపోయినా, అద్దానికి అటూ ఇటూ నిలబడి చేతులు తిప్పుకుంటూ పోట్లాడుకునేవాళ్ళు. చివరికి మేస్త్రికి విసుగొచ్చింది. "అమ్మాయీ, నువ్వు పైనుంచి కిందికి తుడువు. అబ్బాయీ, నువ్వు ఈ పక్కనుంచి ఆ పక్కకి తుడువు. చార నిలువుగా ఉంటే ఆమెది, అడ్డంగా ఉంటే నీది. ఇంక నన్ను పిలిచారంటే ఇద్దర్నీ పంపించేస్తా" అన్నాడు. దాంతో గొడవలు ఆగిపోయాయి. గొడవలు ఆగిపోయాక ఇద్దరికీ ఏమీ తోచలేదు. పెళ్ళి చేసుకున్నారు.

అప్పటినుంచి ఆమె చెయ్యి నిలువుగా, ఆయన చెయ్యి అడ్డంగా నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో అన్నం తినే బల్ల తుడిచినా అంతే. కూతురు చిన్నప్పుడు మూతి తుడిపించుకోవడానికి నాన్న దగ్గరికే పోయేది. అమ్మ పైనుంచి కిందికి లాగితే ముక్కు నొప్పి పుడుతుందని.

పొద్దున పూట పడమటి కిటికీలు, మధ్యాహ్నం దాటాక తూర్పు కిటికీలు. ఎండ ఎటుంటే వాళ్ళు అటు ఉండరు. నీడలో ఉన్న అద్దమైతే నింపాదిగా తుడుచుకోవచ్చు. కాని ఈ రోజు లెక్క తప్పింది. మధ్యాహ్నం హాల్లో ఏదో పెద్ద మీటింగు ఉందట, వచ్చినవాళ్ళు తూర్పు కిటికీలకు ఎదురుగా కూర్చుంటారట. అందుకని ఆ వరసంతా పొద్దున్నే అయిపోవాలి. అంటే ఎండ నేరుగా అద్దాల మీద పడుతున్నప్పుడు తుడవాలి.

ఇదొక్కటే అయితే ఆమె అంత బెంగపడేది కాదు. పోయిన వారం సూపర్‌వైజరు ఆమెను పక్కకు పిలిచాడు. కూతురి వయసు కుర్రాడు, చెడ్డవాడు కాదు. మాట్లాడుతున్నంతసేపూ తన బూట్లే చూసుకున్నాడు.

"అమ్మా, అద్దాల మీద చారలు ఉంటున్నాయని పైవాళ్ళు రెండుసార్లు అడిగారు. పెద్దాయనకి ఆయాసం కూడా ఎక్కువైంది కదా. ఇంటి దగ్గర ఉండమనండి. మీకు తోడు ఇంకెవరినైనా ఇస్తాను."

"ఇంటి దగ్గర ఏం చేస్తాడు బాబూ?"

"ఇంకొక్కసారి కనబడితే నా చేతుల్లో ఉండదమ్మా" అన్నాడు.

ఆ మాట ఆమె భర్తకు చెప్పలేదు. సెలవు రోజున కూడా ఆయన ఇంట్లో ఆమె ఏ గదిలో ఉంటే ఆ గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమె వంటింట్లో ఉంటే పెరటి గుమ్మంలో, ముందు గదిలో ఉంటే వీధి అరుగు మీద. ఆమె మిల్లుకు వచ్చేసి ఆయన ఒక్కడే ఆ ఇంట్లో ఉంటే, ఏ గుమ్మం బయట కూర్చోవాలో ఆయనకు తెలియదు. ఎప్పటివో దూది పోగులు గుండెల్లో పేరుకున్నాయని మిల్లు డాక్టరు అన్నాడు. ఆ దూది కంటే ఆ కుర్చీయే ముందు ఆయన్ని తినేస్తుందని ఆమె భయం.

అందుకే ఈ రోజు ఒక్క చార కూడా మిగలకూడదు.

"ఏమయ్యా, ఇవాళ నువ్వు లోపలికి పో. బయట నేను తుడుస్తా."

ఆయన వినబడనట్టు గుడ్డలు పిండుతున్నాడు.

"నిన్నే."

"నేను లోపలికెళ్తే నన్నేమని పిలవాలి? లోపలయ్యా?"

"ఏదో ఒకటి పిలుస్తారు. లోపల ఫ్యానుంది, కాస్త ఊపిరాడుతుంది."

"బయటి ఎండ నీకు అలవాటు లేదు. మాడి నల్లగా అయిపోతావు."

"ఇప్పుడు నేనేదో తెల్లగా మెరిసిపోతున్నట్టు."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు వదల్లేదు. అది ఆగాక కళ్ళు తుడుచుకుని, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ కుర్రాడు ఏమన్నా అన్నాడా?"

"ఏమంటాడు?"

"అద్దం మీద చార కనబడిందన్నాడా?"

ఆమె గుడ్డ మడత పెడుతూ, "ఆఁ. నాదే. నిలువుగా ఉందట" అంది.

ఆయన ముఖం తేలికపడింది. "నేననుకుంటూనే ఉన్నా. ఈ మధ్య నీ చేతిలో బరువు తగ్గింది. గుడ్డని అలా నిమురుతున్నావు, పిల్లిని నిమిరినట్టు. కాస్త నొక్కి తుడవాలి."

"అలాగేలే."

"సరే, లోపల నేనే చేస్తా. లోపలి పని ఎలా చెయ్యాలో చూపిస్తా నీకు."

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ముందు ఉత్తి నీళ్ళు చల్లు. అద్దానికి దాహం తీరాక సబ్బు పెట్టు. ఒక్కసారే అంతా తడపకు. సగం తడుపు, పొడిగా తుడిచెయ్యి, తరవాత మిగతా సగం." ఆ మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సబ్బు సంగతే ఎలా మరిచిపోయాడో. ఆమె తలూపింది.

తూర్పు గోడ బయట నేల సెగలు కక్కుతోంది. ఆమె కొంగు తలమీద వేసుకుని, మొదటి కిటికీ ముందు నిలబడి, లోపల ఉన్న ఆయన కోసం చూసింది.

ఆయన కనబడలేదు.

అద్దంలో ఆకాశం ఉంది, గోదాము రేకుల కప్పు ఉంది, కొంగు కప్పుకుని నిలబడ్డ తను ఉంది. లోపలి హాలు లేదు. పక్కకు జరిగి చూసింది, వంగి చూసింది. చివరికి రెండు చేతులూ కళ్ళ పక్కన అడ్డం పెట్టుకుని అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్తే, చీకట్లో నీడలాగా ఆయన కనబడ్డాడు. చెయ్యి వెనక్కి తీసేసరికి మళ్ళీ ఆకాశమే.

లోపలినుంచి అయితే బయట అంతా పటంలా కనబడుతుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆయన్ని చూస్తూనే పని చేసింది. ఆయన నుదుటిమీద చెమట, చొక్కా మీద ఊడిన గుండీ, ఏ రోజు ముఖం ఎలా ఉందీ, అన్నీ. బయటినుంచి ఆయనకు తను ఇలా కనబడదని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. ఆయనా చెప్పలేదు.

పెళ్ళయిన కొత్తల్లో ఆయన సబ్బు నురగతో అద్దం మీద మీసం గీసేవాడు, సరిగ్గా ఆమె ముక్కు కిందికి వచ్చేలా. ఆమె పడీ పడీ నవ్వేది. ఎంత గురిగా గీస్తాడో అనుకునేది. ఇప్పుడు ఎండలో నిలబడి గుర్తు చేసుకుంటే, మీసం ఉన్న చోటికి ముఖం జరుపుకున్నది తనే. ఆయన చూడకుండానే గీసేవాడు. అవతల తను ఉందనీ, నవ్వుతుందనీ నమ్మకంతో గీసేవాడు.

లోపలినుంచి వేలితో అద్దం మీద రెండుసార్లు కొట్టిన చప్పుడయింది. రెండుసార్లు కొడితే మొదలుపెడదామని. ఒక్కసారి కొడితే చార నీ వైపు ఉందని. ఆమె కొంగు సర్దుకుని నీళ్ళు చల్లింది.

మొదటి అద్దం మెల్లగా సాగింది. కాలిన అద్దం నీళ్ళు తగలగానే సన్నగా ఆవిరి వదిలింది. ఆమె సగం తడిపి, చారెడు సబ్బునీళ్ళతో రుద్ది, వెంటనే పొడిగుడ్డ లాగింది. తరవాత అంచులు. ఎండలో అద్దం నడుమ కంటే అంచుల దగ్గరే మోసం ఎక్కువ. చట్రం సందులో దాక్కున్న నీటిబొట్టు, మనం పక్క కిటికీకి పోయాక తీరిగ్గా జారి చార పెడుతుంది. అంచులన్నీ వేలికి గుడ్డ చుట్టి తుడిచి, దూరం జరిగి, తల ఇటూ అటూ వంచి చూసింది. ఏమీ లేదు. అద్దం ఉన్నట్టే లేదు.

రెండోది కూడా అలాగే వచ్చింది. ఆ తరవాతిదీ. చెయ్యి ఎండకు చురచురలాడుతోంది, గుడ్డ పిండితే వేడినీళ్ళు కారుతున్నాయి. అయినా ఆమెకు లోపల ఏదో తేలికగా అయింది. ఆయన వైపు కూడా చారల్లేవు. ఫ్యాను కింద నిలబడితే చాలు, చెయ్యి ఇంకా పాత చెయ్యే. ఇకనుంచి ఇలాగే చేసుకుంటే సరి. ఎండాకాలం తను బయట, ఆయన లోపల. సూపర్‌వైజరుకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆయనకు చెప్పేదేముంది, బయట రంగు తేలుతున్నాను అని నవ్వించొచ్చు.

ఆఖరి కిటికీకి వచ్చేసరికి మిల్లు కూత వేసింది. టీలకు జనం వచ్చే వేళ. ఆమె తన వైపు ముగించి, అంచులు తుడిచి, వెనక్కి జరిగి చూసింది.

అద్దం మీద చార ఉంది. భుజాల ఎత్తులో, ఎడమ పక్కనుంచి కుడి పక్కకు, అడ్డంగా.

అడ్డంగా ఉంటే బయటది. ఆలోచించకముందే చెయ్యి అటు వెళ్ళిపోయింది. పొడిగుడ్డతో తుడిచింది. పోలేదు. నోటితో ఆవిరి పట్టి రుద్దింది. పోలేదు. కొంచెం తడిపి, గబగబా పొడిగుడ్డ లాగింది. అద్దం మెరిసింది, చార మెరవలేదు. ఎండ దానిమీదే వెలుగుతోంది, చూడండర్రా అన్నట్టు.

లోపలినుంచి అద్దం మీద ఒక్కసారి చప్పుడయింది.

"కనబడుతోందిలేవయ్యా, తుడుస్తున్నాగా" అంది ఆమె, వినబడదని తెలిసినా. ఇంకా గట్టిగా రుద్దింది. నొక్కి తుడవాలన్నాడుగా, నొక్కింది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఈ ఒక్కదాని కోసం వరసంతా చెడిపోతుందా అని ఏడుపు ముంచుకొచ్చింది. పై నుంచి కిందికి, పై నుంచి కిందికి, భుజం నొప్పి పుట్టేదాకా రుద్దింది.

అప్పుడు తన చెయ్యి ఎటు నడుస్తోందో చూసుకుంది.

తను బయట నిలబడినా చెయ్యి నిలువుగానే నడుస్తోంది. పొద్దుటినుంచీ నిలువుగానే నడిచింది. మరి అడ్డంగా గీత పెట్టింది ఎవరు?

గుడ్డ వదిలేసి, రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని అద్దానికి ముఖం ఆనించింది. బల్లలు కనబడ్డాయి, తిరిగే ఫ్యాను కనబడింది. ఆయన నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. చార మాత్రం ఇప్పుడు దగ్గరగా, స్పష్టంగా, అద్దానికి అవతలి వైపు ఉంది. ఎడమ అంచు దగ్గర వెడల్పుగా మొదలై, పోను పోను సన్నబడి, కుడి అంచు దాకా వెళ్ళకుండానే కిందికి వంగి ఆగిపోయింది.

హాలు గుమ్మం ఆ చివర ఉంది. ఆమె తుడిచిన కిటికీలన్నీ దాటుకుంటూ నడిచింది. పరుగెత్తితే ఏదో నిజమైపోతుందన్నట్టు నడిచింది. గుమ్మంలో బల్లలు తుడిచే అమ్మాయి ఎదురొచ్చింది.

"పెద్దమ్మా, పెదనాన్న కిటికీ కింద కూర్చున్నాడు. అలిసిపోయాడేమో అనుకున్నా. మంచినీళ్ళు తెచ్చి పిలిస్తే పలకట్లేదు."

ఆయన గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు, ఇంటి దగ్గర గుమ్మం బయట కూర్చున్నట్టే. తల ఒక పక్కకు వాలి, అద్దం కింది చట్రాన్ని తాకుతోంది. ఇందాకటి చప్పుడు వేలిదో, తలదో. ఆమె పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

మిల్లు డాక్టరు వచ్చి చూశాడు. బిగుసుకున్న ఆయన వేళ్ళు విడదీసి, గుడ్డ తీసి కిటికీ గట్టు మీద పెట్టి, నాడి కోసం వెతికి, కాసేపటికి తల అడ్డంగా ఊపాడు. సూపర్‌వైజరు పరుగున వచ్చి, మీటింగు వేరే చోటికి మార్పించి, జనాన్ని బయటికి పంపించి, ఫ్యాను ఆపాలో ఉంచాలో తెలియక స్విచ్చి దగ్గర నిలబడిపోయాడు. కబురందుకుని కూతురు వచ్చింది. తండ్రి పాదాల దగ్గర కూర్చుని, "ఎన్నిసార్లు చెప్పాను నాన్నా, మానెయ్యమని" అంటూ ఆ ఒక్క మాటే అంటోంది.

వ్యాను వచ్చింది. సూపర్‌వైజరు ఆమె దగ్గరికి వంగి, "వెళ్దామా అమ్మా?" అన్నాడు.

"నీడ రానీ బాబూ."

ఈ ఎండలో ఆయన్ని బయటికి తీసుకెళ్ళడం ఆమెకు ఇష్టం లేదనుకున్నాడు అతను. డ్రైవరుతో ఏదో చెప్పి, తనూ ఒక బల్ల చివర కూర్చున్నాడు. నేలమీద పడ్డ కిటికీల వెలుగు మెల్లమెల్లగా గోడ వైపు వెనక్కి పోయింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన పాదాల మీదినుంచి పోయింది, మోకాళ్ళ మీదినుంచి పోయింది, గట్టు ఎక్కింది, అద్దం వదిలిపెట్టింది.

అప్పుడు ఆమె లేచింది. అద్దం మీద అరచెయ్యి వెనకవైపు పెట్టి చూసింది. చల్లారింది. బకెట్టులో తన గుడ్డ ముంచి పిండి, చార మీద పెట్టింది. ఇటునుంచి అది ఎడమ అంచు. దాన్ని చేరకుండా చార ఆగిపోయిన చోటు చూసింది. కుడి పక్కనుంచి ఎడమ పక్కకు, అడ్డంగా, ఆ మిగిలిన కాస్తా కూడా దాటించి, అంచు దాకా ఒక్క తుడుపు తుడిచింది. తరవాత పొడిగుడ్డ.

"ఇప్పుడదెందుకమ్మా..." అన్నాడు సూపర్‌వైజరు.

"చూడు బాబూ. ఎక్కడన్నా ఉందా?"

అతను వరసంతా చూశాడు. ఒక కిటికీ తరవాత ఒకటి, చివరిదాకా. "లేదమ్మా. ఒక్కటి కూడా లేదు."

"లోపలివైపు అంతా ఆయనే తుడిచాడు."

"బాగా తుడిచారమ్మా."

"ఆ మాట పైవాళ్ళకి చెప్పు" అంది ఆమె.

నలుగురు మనుషులు కలిసి ఆయన్ని కాంటీను బల్ల మీదికి ఎత్తి, బయటికి తీసుకెళ్ళారు. కూతురి భుజం పట్టుకుని ఆమె వెనకాలే నడిచింది. గుమ్మం దగ్గర ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. వ్యాను తలుపు మూసిన చప్పుడు వినబడింది. బల్లలు తుడిచే అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ రెండు బకెట్లూ తీసుకెళ్ళి కడిగి బోర్లించింది.

గట్టు మీద ఆయన గుడ్డ ఒక్కటి ఉండిపోయింది. ఆ వేడికి గట్టిపడి, ఐదు వేళ్ళూ ఎక్కడ నొక్కాయో అక్కడ లోతుగా, పిడికిలిలో ఉన్నప్పటి ఆకారంలోనే ఎండిపోయింది.